గుట్ట మీదికెళ్ళి

ఖాజాగూడ చెరువు పక్కన ఒక గుట్ట ఉంది. గుట్ట అంచున, సరిగ్గా నీళ్ళకు పైన, ఇద్దరు ఇరుక్కుని కూర్చోగల బండ ఒకటుంది. ఆ బండ నాది. పట్టా లేదు, కాగితాలు లేవు, అయినా నాదే. అరవై ఎనిమిదిలో మా ఆయన నన్ను చెయ్యి పట్టుకుని పైకి ఎక్కించి, "ఇదిగో అమ్మణ్ణీ, నీ భీమిలి," అన్న రోజే అది నా పేర రాసిచ్చేసినట్టు లెక్క.

నేను పుట్టింది భీమిలిలో. సముద్రం, పక్కనే కొండ, కొండవాలున మా ఇల్లు. పెళ్ళయి హైదరాబాదు వచ్చిన కొత్తలో నాకు ఏడుపొక్కటే తక్కువ. మా ఆయన నరసింహమూర్తి గారిది సర్వే ఆఫీసులో ఉద్యోగం. గచ్చిబౌలి, నార్సింగి వైపు భూములు కొలవడానికి క్యాంపు వేస్తే, రోజూ టౌను నుంచి తిరగలేక ఖాజాగూడ ఊళ్ళోనే ఒక గది కిరాయికి తీసుకున్నారు. చుట్టూ రాళ్ళు, మధ్యలో జొన్నచేలు, చీకటి పడితే నక్కల కూతలు. నా దిగులు చూడలేక ఒక ఆదివారం ఆ బండ వెతికి పట్టుకున్నారు.

వానలు బాగా పడి చెరువు నిండిన ఏడు అది. గాలి వీస్తే నీళ్ళు వచ్చి కింద రాళ్ళను కొట్టేవి. కళ్ళు మూసుకుంటే అచ్చం భీమిలి, తెరిస్తే కాదు. అందుకని నేను మూసుకునే కూర్చునేదాన్ని. "కళ్ళు మూసుకోవడానికేనా నిన్ను ఇంత ఎత్తు ఎక్కించింది?" అని ఆయన వేళాకోళం చేసేవారు. ప్రతి ఆదివారం మేమిద్దరమే. మేకలు కాసుకునేవాళ్ళు కూడా అంత అంచుకు వచ్చేవాళ్ళు కాదు.

పది నెలలు కాకుండానే అరవై తొమ్మిదిలో తెలంగాణ గొడవలు వచ్చాయి. ఆంధ్రా ఉద్యోగులు పెళ్ళాం పిల్లల్ని ఊళ్ళకు పంపేస్తున్న రోజులు. ఆయన నన్ను రైలెక్కించేశారు. ఎనిమిది నెలలు పుట్టింట్లో ఉన్నాను. వారం వారం ఉత్తరం రాసేవారు. ఏ ఉత్తరం విప్పినా ఒకటే: ఇక్కడ అంతా కులాసా, నువ్వు దిగులు పడకు. నేను తిరిగొచ్చేసరికి ఆయనకు టౌను ఆఫీసుకు బదిలీ అయింది, చిక్కడపల్లిలో ఇల్లు తీసుకున్నాం. ఆ తర్వాత ఎన్నిసార్లు బండ దగ్గరికి వెళదామన్నా, "ఏముంది అక్కడ, రాళ్ళేగా," అని దాటేసేవారు. నేనూ నమ్మాను.

డెబ్బై ఆరులో, దసరా వెళ్ళాక, పక్క వాటాలో ఉండే పుణ్యవతి గారు పిక్నిక్ నుంచి వచ్చి మా గుమ్మంలో నిలబడింది. ఆవిడది తెనాలి. చెవిన పడ్డ మాట కడుపులో దాచుకుంటే అజీర్తి చేస్తుంది ఆవిడకు.

"ఖాజాగూడ గుట్టకు వెళ్ళామండీ అమ్మణ్ణి గారూ. ఇప్పుడందరూ అక్కడికే వెళుతున్నారు. ఆదివారం ఆదివారం వాన్లు కూడా వేశారు. అక్కడ టీ కొట్టు ఆవిడ, సక్కుబాయిట, మాది చిక్కడపల్లి అనగానే సర్వే సారు తెలుసా అని అడిగింది. మా పక్క వాటాయనేనమ్మా అన్నాను. ఎంత సంతోషపడిందనుకున్నారు! పోయిన నెల కూడా వచ్చాడట, మా సారు బంగారం, మా సారు అసొంటోడు ఉండడు, అని ఒకటే పొగడ్త."

పోయిన నెల ఆయన వెళ్ళింది పటాన్‌చెరువు క్యాంపుకు. కనీసం నాకు చెప్పింది అది. ఆ రోజు చొక్కా ఇస్త్రీ చేసిచ్చింది నేనే. ఆ చొక్కా వేసుకుని నా బండ దగ్గరికి, నేను లేకుండా వెళ్ళారన్నమాట. పైగా అక్కడ ఒక ఆడమనిషి 'మా సారు' అంటోంది!

నాకు అసూయ ఎక్కువ. దాచడమెందుకు? చిన్నప్పుడు మా అమ్మ ముందు మా చెల్లెలికి జడ వేస్తే, నాకసలు జడే వద్దని రోజంతా జుట్టు విరబోసుకు కూర్చునేదాన్నట. ఆ బుద్ధి పెళ్ళయినా పోలేదు. ఆయన ఆఫీసులో టైపిస్టు పేరు రెండుసార్లు ఎత్తితే మూడోరోజు కూరలో ఉప్పు ఉండేది కాదు. అయితే ఈసారి కూరజోలికి పోలేదు. ఏమీ అడగలేదు కూడా. అడిగితే ఆయన ఏదో ఒక జవాబు చెబుతారు, అది నమ్మాల్సి వస్తుంది. కళ్ళతో చూసి తేల్చుకోవాలనుకున్నాను.

"ఈ ఆదివారం మన బండ దగ్గరికి వెళుతున్నాం," అన్నాను.

"ఇప్పుడెందుకే? జనం..."

"జనం వెళ్ళగా లేనిది మనం వెళితే ఏం?"

ఆయన పేపరు మడిచారు, మళ్ళీ విప్పారు. చివరికి సరేనన్నారు. ఆ వారమంతా ఆయన నిద్రపోతుంటే ముఖంలోకి చూస్తూ కూర్చున్నాను. ఏమీ కనిపించలేదు.

మెహదీపట్నం నుంచి వాన్‌లో వెళ్ళాం. ఊరు గుర్తుపట్టాను కానీ గుట్టను గుర్తుపట్టలేకపోయాను. కింద ఆరేడు వాన్లు, స్కూటర్లు. దారి పొడవునా రాళ్ళ మీద సున్నంతో బాణం గుర్తులు. మేం ముళ్ళకంపలు తప్పించుకుంటూ ఎక్కిన చోట మెట్లు కొట్టారు. ఎటు తిరిగినా ట్రాన్సిస్టర్లు, అరటితొక్కలు, పులిహోర తిని పారేసిన విస్తళ్ళు. మలుపు తిరగ్గానే నా బండ కనిపించింది. దాని నుదుటి మీద సున్నంతో అడుగు ఎత్తున అక్షరాలు: సూసైడ్ పాయింట్.

"ఇదేమిటండీ!" అన్నాను.

"అన్నిచోట్లా ఉంటుందే ఒకటి. అది లేకపోతే జనం రారు," అని నవ్వారు ఆయన. నాకు నవ్వు రాలేదు. నేను కాపురం దిద్దుకున్న చోటు అది.

టీ కొట్టు మెట్లు ముగిసిన చోటనే ఉంది. నాలుగు కర్రలు, పైన తాటాకులు, లోపల పొయ్యి. పొయ్యి ముందు నుంచి ఒకావిడ లేచింది. నా ఈడుదే. నల్లగా, గట్టిగా, కాళ్ళకు వెండి కడియాలతో ఉంది. అందగత్తె అయివుంటే నాకు ఒకరకంగా తేలికగా ఉండేది, మగబుద్ధి అని తిట్టుకునేదాన్ని. అందగత్తె కాదు. అయినా మా ఆయన్ను చూసి నవ్విందే ఒక నవ్వు, ఆ నవ్వులో కొత్తదనమే లేదు. ఇంట్లోవాళ్ళను చూసి నవ్వే నవ్వు అది.

"సారూ! అమ్మను తోలుకొచ్చినవా! మంచిగ చేసినవ్!"

మా వైపు తోలుకొచ్చేది గేదెల్ని. ఇక్కడివాళ్ళు మనుషులకూ అదే మాట వాడతారని తెలుసు, అయినా ఒళ్ళు మండింది.

"కూసో అమ్మా, కూసో. సారు మస్తుసార్లు చెప్పిండు నీ ముచ్చట."

ఆమె వెనక నుంచి ఒక స్టీలు గ్లాసు తీసింది. మిగతావాళ్ళందరికీ గాజు గ్లాసులు, ఈయనకు మాత్రం స్టీలుది, వేరేగా పెట్టి ఉంది. అందులో బెల్లం టీ పోసిచ్చింది. ఇంట్లో పంచదార అయిపోయి ఒకరోజు బెల్లం వేసి కాఫీ ఇస్తే పక్కన పెట్టేసిన మనిషి, ఊదుకుంటూ ఊదుకుంటూ తాగారు. "సక్కుబాయి టీ బాగుంటుంది," అన్నారు నాతో. తర్వాత పొయ్యి దగ్గరికి వంగి ఆమెను ఏదో మెల్లగా అడిగారు. ఆమె తల అడ్డంగా ఊపి, ఏదో చెప్పి, కొంగుతో ముఖం తుడుచుకుంది. నాకు ఒక్క ముక్క వినిపించలేదు. ట్రాన్సిస్టర్లవాళ్ళ గొంతులు పడిపోను, అనుకున్నాను.

"నేను బండ దగ్గరికి వెళుతున్నా," అన్నాను.

"నువ్వు పద. ఇదిగో, వచ్చేస్తా," అన్నారు ఆయన, టీ గ్లాసు వదలకుండా.

బండ మీద ఒక కుటుంబం కూర్చుని ఉంది. ఇద్దరి చోటులో నలుగురు. నల్ల కళ్ళద్దాల పెద్దమనిషి ఒకాయన కాళ్ళు చెరువు వైపు వేలాడేసి దద్దోజనం తింటున్నాడు. నేను పక్కన నిలబడితే వాళ్ళావిడ, "మీరు కూడా ఫోటో కోసమేనా? మా తర్వాత వాళ్ళది. వాళ్ళ తర్వాత మీరు," అంది. నా బండ మీద కూర్చోవడానికి నేను వరసలో నిలబడ్డాను. పావుగంటకు వాళ్ళు లేచి టిఫిన్ క్యారియర్ సర్దుకుంటూ అటు అంచుకు జరిగారు. ఫోటోవాళ్ళను గదిమి నేను కూర్చున్నాను. పక్కన ఆయన చోటు ఖాళీ. కళ్ళు మూసుకున్నాను. నీళ్ళ చప్పుడు వినపడితేగా! సినిమా పాట, దాని మీద ఇంకో సినిమా పాట. ఆయన రాలేదు. ఇంతసేపు ఏం మాట్లాడుకుంటున్నారు ఇద్దరూ?

అప్పుడే అటు అంచున కేక వినిపించింది. "అయ్యో! పోయె! పడిపోయె!" ఏదో రాళ్ళకు తగులుకుంటూ జారిన మోత, కింద దభీమని నీళ్ళ చప్పుడు. జనం అంతా అటు పరిగెత్తారు. నేను మాత్రం టీ కొట్టు వైపు పరిగెత్తాను.

ఆయన లేరు. స్టీలు గ్లాసు ఖాళీగా ఉంది. సక్కుబాయి పొయ్యి ముందు కూర్చుని కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. కళ్ళు ఎర్రగా, నీళ్ళు కారుతూ ఉన్నాయి.

"మా ఆయన ఏరీ?"

"సారా? సారు పోయిండమ్మా."

"ఏమిటి?"

"గుట్ట మీదికెళ్ళి పోయిండు. గిప్పుడే. నీకు చెప్పుమని నాకు చెప్పి పోయిండు."

మా వైపు బతికున్న మనిషి 'వెళతాడు'. 'పోయాడు' అంటే ఇక లేడని అర్థం. ఊరికే బజారుకు బయల్దేరిన మనిషిని కూడా 'పోయాడు' అనం, నోరు కడుక్కోమంటారు. గుట్ట మీదికి వెళ్ళి, పోయాడు. నేను విన్నది అది. చెవుల్లో ఇంకా ఆ నీళ్ళ చప్పుడు ఉంది.

అప్పుడు నేనేం చేశానో ఉన్నదున్నట్టు చెబుతాను. ఏడవలేదు. అంచు దగ్గరికి పరిగెత్తలేదు. ఎవరినీ సాయం రమ్మని పిలవలేదు. సక్కుబాయి జబ్బ పట్టుకుని లాగి నిలబెట్టాను.

"నువ్వెందుకు ఏడుస్తున్నావు? ఏడవడానికి నువ్వెవరు? నేనిక్కడ పక్కనే ఉన్నానే, పోతూ పోతూ నీకెందుకు చెప్పాడు? నాకు చెప్పాలిగా!"

ఆమె చేతిలో గరిటె కింద పడింది. నోరు తెరుచుకుని నన్ను చూసింది.

"ఏందమ్మా? ఏమైంది? నేనేడుస్తలేను, పచ్చికట్టెలు గద, పొగకు కండ్లు మండుతున్నయి."

"పోయాడని నువ్వేగా అన్నావు!"

"పోయిండు. మా ఇంటికి పోయిండు."

చనిపోయిన మనిషి బతికొచ్చి వాళ్ళింట్లో కూర్చున్నాడు! పట్టు ఇంకా బిగించానట, తర్వాత ఆమె చేతి మీద నా గోళ్ళ గుర్తులు చూశాను. రెండు క్షణాలు నా ముఖంలోకి చూసి, సక్కుబాయికి విషయం తట్టింది.

"అయ్యో నా తల్లీ! సచ్చిండనుకున్నవా! పోయిండంటే సచ్చుడు కాదమ్మా. గుట్ట మీదికెళ్ళి పోయిండంటే, గీ గుట్ట పొంటి అవుతలికి పోయిండని. రోడ్డు మీదికెళ్ళి పోతే దూరం, గుట్ట మీదికెళ్ళి పోతే దగ్గర. మా మొగిలిని సూడనీకి పోయిండు. నా పెనిమిటిని."

అక్కడే బల్ల మీద కూలబడ్డాను. ఆమె చెంబుతో నీళ్ళిచ్చింది. అంచు దగ్గర నుంచి జనం తిరిగొస్తున్నారు. పడింది కళ్ళద్దాల పెద్దమనిషిగారి టిఫిన్ క్యారియర్. పుట్టింటివాళ్ళు పెట్టింది పోయిందని వాళ్ళావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని ముక్కు చీదుతోంది. క్యారియర్ కోసం ఆ మాత్రం ఏడిచింది ఆవిడ.

సక్కుబాయి నా పక్కన కూర్చుని చెప్పింది. గొడవలప్పుడు మా ఆయన పదిరోజులు గదిలోంచి కాలు బయట పెట్టలేదట. రాళ్ళు కొట్టుకునే మొగిలి, సక్కుబాయి ఆయన్ను గుట్ట అవతల తమ గుడిసెకు తీసుకుపోయి, నెల పైన ఉంచుకుని, జొన్నరొట్టె పెట్టారట. ఎవరైనా వచ్చి ఆంధ్రా సారు ఏడి అంటే, ఎప్పుడో ఊరికి పోయిండని మొగిలి వాకిట్లో నిలబడి చెప్పేవాడట. పోయిన ఏడు మొగిలి కాలి మీద బండ దొర్లిందట. దవాఖానలో చేర్పించింది ఈయనే. నెలనెలా మందులు తెచ్చిస్తోందీ ఈయనే.

"గా దినాలల్ల సారు మస్తు పరేషాన్ అయిండమ్మా. రోజూ నీ పేరు తీసుకొని ఏడుస్తుండె."

అంతా కులాసా అని రాసిన చేతులు ఆయనవి. భయమంతా, ఏడుపంతా ఈమె చూసింది. నా పేరు తలుచుకునే ఏడిచారట, నిజమే. కానీ ఏడిచింది ఆమె ముందు. సిగ్గుపడాల్సిన ఆ సమయంలో కూడా నాకు కుళ్ళే పుట్టింది.

సక్కుబాయి మెల్లగా అడిగింది. "అమ్మా, ఒక్క మాట. సారు సచ్చిండనే అనుకున్నవు గద. అప్పుడు గూడ నీకు నా మీద కోపమే వచ్చిందా?"

ఆమె ఎత్తిపొడవలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. కింద పడిన గరిటె తీసి ఆమె చేతికిచ్చాను.

మా ఆయన గుట్ట అవతలి నుంచి పంచె దులుపుకుంటూ వచ్చారు. నా ముఖం చూసి, "ఏమైందే?" అన్నారు. సక్కుబాయి నవ్వు ఆపుకోలేక జరిగింది చెప్పేసింది. మీదికెళ్ళి అంటే ఏమనుకున్నానో, పోయిండంటే ఏమనుకున్నానో అంతా. తర్వాతి మాట ఏం చెబుతుందో అని ఆమె నోటి వంకే చూస్తూ కూర్చున్నాను.

ఆయన నవ్వలేదు. "నేను చచ్చిపోయాననుకున్నావా? మరి ఏం చేశావు?" అన్నారు నాతో.

నేను నోరు విప్పేలోగా సక్కుబాయి అంది. "ఏం జేస్తది సారూ? గుండెలు బాదుకొని ఏడ్చింది. నేను గట్టిగ పట్టుకున్న గానీ, లేకుంటే నీ ఎన్కనే చెరువుల దుంకుతుండె."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకుని మళ్ళీ తీశారు. అంతమంది ఎదుట నా చెయ్యి పట్టుకున్నారు. ఎనిమిదేళ్ళలో నలుగురిలో ఆయన నా చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి. ఆ చెయ్యి వెనక్కి తీసుకుని నిజం చెప్పి ఉండాల్సింది నేను. చెప్పలేదు. సక్కుబాయి వెనక్కి తిరిగి పొయ్యి ఊదుకుంటోంది.

వాన్‌లో వస్తూ ఆయన మొగిలి సంగతి, ఆ నెల రోజుల సంగతి అంతా తనే చెప్పారు. "నీకు ముందే చెప్పాల్సింది అమ్మణ్ణీ. సక్కుబాయి పేరు ఎత్తితే నువ్వు వేరేగా అనుకుంటావని భయపడ్డాను. ఛ, నిన్ను ఎంత తక్కువగా అంచనా వేశాను!" అన్నారు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

మూడేళ్ళయింది. ఇప్పుడు నెలనెలా ఇద్దరం కలిసే వెళుతున్నాం. నాకూ ఒక స్టీలు గ్లాసు వేరేగా పెట్టింది సక్కుబాయి. ఆ రోజు మాట మా మధ్య మళ్ళీ రాలేదు, ఆమె ఎత్తదు కూడా. మా ఆయన మాత్రం ఎవరొచ్చినా ఆ కథ చెబుతారు. పుణ్యవతి గారికి నాలుగుసార్లు చెప్పారు. "మా అమ్మణ్ణికి నేనంటే ప్రాణం. చెరువులో దూకబోయిందండీ, ఆ సక్కుబాయి పట్టుకోబట్టి సరిపోయింది," అంటారు. అంటూ నా వైపు ఒక చూపు చూస్తారు. పెళ్ళయిన కొత్తలో కూడా అలా చూసి ఎరగరు.

ఆ చూపు నాది కాదు. గుండెలు బాదుకుని, మొగుడి వెనకే చెరువులోకి దూకబోయిన అమ్మణ్ణి ఒకతి ఉంది, ఆయన చూసేది ఆవిడను. ఆవిడ ఎలా ఉంటుందో నేనెన్నడూ చూడలేదు. ఆయన ఆ కథ మొదలుపెట్టినప్పుడల్లా నేను వంటింట్లోకి వెళ్ళి నిలబడతాను. సక్కుబాయి మీద కూడా నాకు ఇంత కుళ్ళు పుట్టలేదు.